ఆఖరి ట్యాంకరు వచ్చేదాకా

సౌదీలోని అల్ ఖర్జ్‌లో నేను పాల ట్యాంకరు నడిపే డెయిరీలో వర్క్‌షాప్ చూసే పెద్దాయన అమెరికన్. సాయంత్రమైతే ఆయన కూర్చోగా నేను చూడలేదు. ఆఖరి బండి వచ్చేదాకా నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గర అటూ ఇటూ తిరిగేవారు. టీ ఇచ్చి కుర్చీ వేస్తే, "అందరూ రానీ, అప్పుడు కూర్చుంటా," అనేవారు.

"మనం డీజిల్ అమ్ముకుంటామేమోనని కాపలా కాస్తాండాడు," అనేవాడు కడప నుంచి వచ్చిన తోటి డ్రైవరు.

ఒకరోజు ఇసుక తుఫానులో చిక్కుకుని బాగా ఆలస్యంగా వచ్చాను. ఒళ్లంతా దుమ్ముతో ఆయన గేటు దగ్గరే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది. "మా మీద నమ్మకం లేదా సార్?" అని హిందీలో అడిగేశాను.

ఆయన నా బండి టైరు నట్లు తడుముతూ, వచ్చీరాని హిందీలో చెప్పారు. వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో, ఇంగ్లండ్‌లో, అమెరికా భారీ బాంబర్ విమానాలకు మెకానిక్కట. తాను బాగుచేసి పంపిన విమానం తిరిగొచ్చేదాకా మైదానంలోనే నిలబడేవాడట. ఒకటి రాలేదు. ఇంటికొచ్చాక కూడా, పిల్లలంతా ఇల్లు చేరితే గాని భోజనానికి కూర్చునేవాడు కాదట.

"నమ్మకం లేనిది మీ మీద కాదు. నా చేతుల మీద," అన్నారు.

పోయిన నెల ఆయన ఉద్యోగం ముగించుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయారు. రియాద్ ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. "డెయిరీ చేరగానే ఫోన్ చెయ్యి," అన్నారు. డెయిరీ గేటు దాటగానే చేశాను. అటువైపు విమానం ఎక్కమని ఆఖరి పిలుపు వినిపిస్తోంది.

"వచ్చేశావా? మంచిది. ఇక కూర్చుంటాను," అన్నారు.