రెండు తలుపుల తోట

అండాలు కోపం శంషాబాద్ చుట్టుపక్కల ఊర్లన్నిటికీ తెలుసు. విమానాలు నెత్తిమీంచి దిగే చెలకల ప్లాస్టిక్ పట్టా కప్పి పాలీహౌస్ కట్టింది. దానికి రెండు తలుపులు. బయటిది మూసినాకనే లోపలిది తియ్యాలె, లేకుంటే ఆకుల రసం పీల్చే తెల్లదోమ లోపలికి జొస్తది. మర్చిపోయిన కూలోని చెంప ఒకసారి పగలగొట్టింది. అందుకే 2013 ఎండలల్ల గూడ, మందు కొట్టకుండనే లోపల కీర నవనవలాడుతుండె.

ఆ ఏడు పక్క చెలకల ఆమె బావ జంగయ్య టమాటను తెల్లదోమ ఊడ్చింది, బోరు ఎండింది. తన నీళ్లన్నీ మరదలి తీగలే తాగినయని గొడ్డలి పట్టుకొని వచ్చిండు. తలుపులు రెండూ తన్ని తెరిచి, కాపు మీదున్న తీగలు నరుకుడు మొదలుపెట్టిండు. అడ్డంబోయిన అండాలు నొసలు గొడ్డలి కామ కట్టె తగిలి పగిలింది. ఆమె పార తిప్పి మోకాలి మీద ఒక్కటిచ్చింది. గొడ్డలి ఎగిరిపోయింది, జంగయ్య బోర్లపడ్డడు. ముఖం ముందరనే, తీగ మొదట్ల సన్నటి పైపు చుక్క చుక్క నీళ్లు ఇడుస్తున్నది.

"గింతేనా తాగేది?" అన్నడు.

"గింతే." అండాలు కండ్లల్లకు కారే నెత్తురు తుడుచుకుంది. "లే బావా. ముందుగాల తలుపులు మూయి, దోమ జొస్తది."

తన టమాట యాదికొచ్చిందేమో, జంగయ్య కుంటుకుంట పోయి బయటిది మూసిండు, తర్వాత లోపలిది మూసిండు.

అండాలు పార మళ్లీ ఎత్తింది.

"ఇగ రా."