గాడిద చచ్చిన చేను

ఎవరు గట్టిగా దగ్గినా నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు. ఆయనకు ఏ జబ్బూ లేదు. అయినా దగ్గేవాడు.

ఆళ్లగడ్డ దారిలో మాకు నల్లరేగడి చేను ఒకటుండేది. తాతల కాలంలో అందులో ఎవరిదో గాడిద చచ్చింది. మా వైపు చేనుకు పేరు పెట్టే హక్కు ఊరిది. కాబట్టి అది 'గాడిద చచ్చిన చేను' అయింది. ఏటా జొన్న విరగపండినా గాడిద మాత్రం లేచిపోలేదు. చిన్నాయన ఒక్కడే దాన్ని 'లక్ష్మీ చేను' అనేవాడు. ఎవరైనా గాడిద ఊసెత్తితే, ఆ మాట వినబడకుండా గట్టిగా దగ్గేవాడు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో, చిన్నాయనకు పిల్లనివ్వడానికి నంద్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు చేను చూస్తామన్నారు. గట్టు మీద మా జీతగాడు చేయి చాపి, "ఇదేనప్పా, మా గాడిద..." అన్నాడు. చిన్నాయన దగ్గాడు. జీతగాడు మళ్లీ మొదలుపెట్టాడు. చిన్నాయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

పిల్ల తండ్రి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఏందప్పా, క్షయ గాని ఉందా? మేం పోతాండాం."

"జబ్బేం లేదు మామా! గాడిద! ఈడ గాడిద చచ్చింది! ఇది గాడిద చచ్చిన చేను!" అని చిన్నాయన ఊరంతా వినబడేలా అరిచాడు.

పెద్దాయన తువ్వాలు దించి హాయిగా నవ్వాడు.

"అంతేనా? ముందే చెప్పొచ్చు గదప్పా. మా చేనును 'అల్లుడు పారిపోయిన చేను' అంటారు."

ఆ పొద్దు చిన్నాయనకు మొదటిసారి నిజంగా దగ్గొచ్చింది.