పారేసిన నవ్వులు

మాసిలామణికి సినిమాల్లో చచ్చిపోవడమే వృత్తి. మద్రాసు సాలిగ్రామంలో జూనియర్ ఆర్టిస్టులు వీధికి పదిమంది. కానీ ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కదపకుండా పడుకోగలిగినవాడు వాడొక్కడే. ఇరవై ఆరేళ్ళుగా వాడి నుదుట రూపాయి బిళ్ళ అంటించి, ముక్కులో దూది కుక్కి, దవడకు గుడ్డ కట్టిన మేకప్‌మాన్‌ని నేను. వాడి సంగతి నాకంటే ఎక్కువ తెలిసినట్టు ఎవడైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది.

చావు సీను అయ్యాక శవం వేషం వేసినవాడు లేచి కూర్చుని, కెమెరాను చూసి ఒకసారి నవ్వాలి. ఆ నవ్వునూ తీస్తారు. తీస్తేనే కీడు పోతుందని మా వాళ్ళ నమ్మకం. తరవాత ఎడిటర్ దాన్ని కత్తిరించి పారేస్తాడు.

మాసిలామణి భార్య పవళకొడి వడపళనిలో ఇడ్లీలు అమ్ముతుంది. పెళ్ళయిన కొత్తలో సరదా పడి మొగుడి సినిమాకు వెళ్ళింది. తెర మీద వాణ్ణి పాడె ఎక్కించగానే హాలు అదిరేలా కెవ్వుమంది. మళ్ళీ థియేటరు గుమ్మం తొక్కలేదు.

"నువ్వు బతికుండే సినిమా ఏదైనా వస్తే చెప్పయ్యా, వస్తాను" అనేది. అలాంటిది ఒక్కటీ రాలేదు.

పోయినేడు ఇళంబరిది అనే కుర్ర డైరెక్టరు ఒక కామెడీ మొదలుపెట్టాడు. సినిమా తియ్యడానికి నానా అగచాట్లు పడే ఒక డైరెక్టరు కథ అది. నిర్మాత పారిపోతాడు, హీరో అలుగుతాడు, వాన సెట్టును ముంచేస్తుంది. ఒక సీన్లో శవం లేచి, ఆ డైరెక్టరు అవస్థ చూసి పగలబడి నవ్వాలి. ఆ శవం మా మాసిలామణి.

"అన్నా, ఈసారి తెర మీద నవ్వుతున్నా! పవళం వస్తానంది."

"నోరు ముయ్యరా, దవడ కట్టాలి" అన్నాను. నాకూ లోపల సంబరంగానే ఉంది.

పదకొండు టేకులయ్యాయి. చావడం దివ్యంగా చచ్చాడు. నవ్వే రాలేదు, పంటినొప్పి వచ్చినవాడిలా మూతి సాగదీశాడు.

"ఏంటయ్యా, ఇన్నేళ్ళు నవ్వినవాడివేగా?" అన్నాడు ఇళంబరిది.

"అప్పుడు కెమెరాను చూసేవాణ్ణి సార్. ఇప్పుడు డైరెక్టరు వేషం వేసిన ఈ హీరోగారిని చూసి నవ్వమంటున్నారు."

"శవం కెమెరాను చూస్తే ఎట్లా? వద్దులే, ఈ సీను లేపేద్దాం. ఆచారం నవ్వొకటి తీసి పంపించెయ్యండి."

నేను వేసిన రంగు కింద వాడి ముఖం నిజంగానే పాలిపోయింది. ఇంటికెళ్ళి పవళకొడికి ఏం చెబుతాడా అనుకున్నాను. వాడు లేచి కూర్చున్నాడు. ఎలాగూ పారేసేదే కదా అనుకున్నాడేమో, తిన్నగా లెన్సులోకి చూశాడు. పెదాల దగ్గర మొదలైన నవ్వు కళ్ళదాకా పాకింది. దవడ గుడ్డ ఊడి మెళ్ళో పడింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. ఇళంబరిది కుర్చీలోంచి లేచాడు.

"ఇదే ఉంచుతున్నా. శవం ఎటు చూస్తే నాకేంటి!"

విడుదలైన రోజు మ్యాట్నీకి పవళకొడిని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. శవం కనబడగానే ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

"ఇప్పుడు చూడమ్మా" అన్నాను.

కొంగు దించింది. తెర నిండా వాడి నవ్వు. హాలంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఎవర్ని చూసి అట్లా నవ్వావయ్యా?"

"నిన్నే" అన్నాడు వాడు సిగ్గుపడుతూ. "ఆనాడు కేక పెట్టావే, అప్పట్నించీ అంతే. చచ్చినప్పుడల్లా ఆ కెమెరా గాజు వెనకాల నువ్వున్నావనుకుని నవ్వేవాణ్ణి. నాకేం కాలేదు, భయపడకు అని."

 పవళకొడి నావైపు తిరిగింది.

"అవన్నీ పారేశారా అన్నా?"

ఇరవై ఆరేళ్ళు పక్కనే నిలబడి చూసినవాణ్ణి, ఆ నవ్వులు ఎవరికోసమో నాకూ అప్పుడే తెలిసింది.