నాన్న మోటారుసైకిలు, మాధవయ్యగారి చెవి

ఇవాళ గేటుకు రంగు వేయిస్తున్నాను. ఎనామిల్ వాసన వరండా దాటి నా మంచం దాకా వస్తోంది. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు మాధవయ్యగారు గుర్తుకొస్తారు. నిజానికి ఆయనకూ రంగులకూ సంబంధం లేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో చప్పుళ్ళు తయారుచేసేవారు. తెర మీద గుర్రం పరిగెడుతుంటే ఆ డెక్కల చప్పుడు ఆయన చేతుల్లోని కొబ్బరిచిప్పలది. నేను ఆయన దగ్గర టేపులకు చీటీలు రాసి, వరసలో పెట్టి, అడిగినది తీసి ఇచ్చే పనిలో ఉండేదాన్ని.

చేరిన కొత్తలో ఒక టేపు చీటీ మీద ‘వాన’ అని రాశాను. ఆయన చదివి వెనక్కి ఇచ్చారు. అందులో ఉన్నది వేడి నూనెలో ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు. “ఉల్లిపాయలు అని రాసి, కింద వానకు అని రాయండమ్మా. హాల్లో కూర్చున్నవాళ్ళకది వాన. మనమూ వాన అనుకుంటే, ఇక ఈ గదిలో ఏది ఏమిటో చెప్పేవాళ్ళుండరు” అన్నారు. తేదీ ఒక్కటి తప్పు పడినా చీటీ చింపి మళ్ళీ రాసే నాకు ఆ మాట నచ్చింది. నచ్చడం వేరు, దానికి కట్టుబడి ఉండడం వేరు అని తరవాత తెలిసింది.

మా నాన్న రోడ్ల శాఖలో ఇంజనీరు. జూబ్లీహిల్స్‌లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ బండరాళ్ళు తప్ప ఏమీ లేవు. ఆయన మోటారుసైకిలు చప్పుడు మలుపు దగ్గర వినబడగానే అమ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్ళు పెట్టేది. గ్లకోమాతో నాన్న చూపు పోయాక బండిని షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పాం. పన్నెండేళ్ళపాటు దాని మాట ఎవరూ ఎత్తలేదు. 1988లో ఒక సినిమా కంపెనీవాళ్ళు పాతకాలం కథకు ఆ బండి కావాలని వచ్చారు. అది నడవనక్కర్లేదు, ఇంకో బండికి కట్టి లాగుతాం, చప్పుడు తరవాత కలుపుకుంటాం అన్నారు. నాన్న ఇస్తానన్నారు. కాని ఒక షరతు పెట్టారు.

“తోసుకుంటూ తీసుకెళ్ళొద్దు. దాని ఇంజనుతో అదే గేటు దాటాలి. నేను వినాలి.”

ఈ సంగతి నా ద్వారా విని, మాధవయ్యగారు ఆదివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఎర్రగడ్డ నుంచి ఒక మెకానిక్కును వెంటబెట్టుకొచ్చేవారు. అతను కార్బురేటరు విప్పి కడిగాడు, వైర్లన్నీ మార్చాడు, టైర్లు తెప్పించాడు. నాన్నా, మాధవయ్యగారూ వరండాలో కూర్చుని స్పానర్ల చప్పుడు వింటూ, ఇప్పుడు ఏ నట్టు విప్పుతున్నాడో పందెం వేసుకునేవారు. ఒక ఆదివారం ఇంజను అందుకుంది. మాధవయ్యగారు దాన్ని టేపు మీద రికార్డు చేసుకున్నారు. నాన్న రెండోసారి కాఫీ అడిగారు.

ఆ వారంలోనే కంపెనీ ఆర్టు డిపార్టుమెంటు నుంచి యాదగిరి అనే అతను వచ్చి బండికి నల్లరంగు వేసి, ట్యాంకు మీద బంగారు గీతలు గీశాడు. బండి అద్దంలా అయింది. తీసుకెళ్ళే రోజున అతనే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఎక్కి కిక్కు కొట్టాడు. బండి నడిచింది. గేటు ఇంకా నాలుగు గజాలుందనగా ఆగింది. ట్యాంకు మూత తీసి చూస్తే పెట్రోలు నిండుగా ఉంది. మూత బిగించి కొడితే మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. ఇలాగే పొద్దెక్కింది. వరండాలో నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

ఆ రోజు చూడడానికి వచ్చిన మాధవయ్యగారి దగ్గర యాదగిరి గొంతు తగ్గించాడు. “సార్, మొన్న రికార్డు జేసిన టేపు మీ కార్లనే ఉంది గద. అది పెట్టుండ్రి, నేను నూకుకుంట పోత. పెద్దసారు జర ఖుష్ అయితడు.”

అతని మాటలో చెడ్డతనం లేదు. పైగా ఆ టేపు వేరే బండిది కాదు, ఈ బండిదే. నాకు ఒప్పుకోవాలనే అనిపించింది.

“టిక్కెట్టు కొన్నవాళ్ళను మోసం చెయ్యడం మన ఉద్యోగం యాదగిరీ. ఆయన కొనలేదు” అన్నారు మాధవయ్యగారు. నేరుగా వరండా ఎక్కి, “ఇంజనీరుగారూ, బండి ఆగిపోతోందండీ. గేటు దాటట్లేదు” అని చెప్పేశారు.

నాన్న కుర్చీ చేతులు వదిలి లేచారు. నా భుజం పట్టుకుని మెట్లు దిగారు. బండి ఎప్పుడు లేస్తోందని అడిగారు. మూత తీసి చూసినప్పుడల్లా లేస్తోందని యాదగిరి చెప్పాడు.

“మూత తీసినప్పుడల్లా గాలి పీల్చుకున్న చప్పుడొకటి వస్తోందండీ. ఆదివారం అది లేదు” అన్నారు మాధవయ్యగారు.

నాన్న వేలు మూత మీద నెమ్మదిగా తిరిగి, ఒకచోట ఆగింది. “ఇక్కడ ఆవగింజంత బెజ్జం ఉండాలి. రంగేసి మూసేశారు. గాలి లోపలికి పోందే పెట్రోలు కిందికెలా దిగుతుందయ్యా?”

యాదగిరి నాలిక కరుచుకున్నాడు. “కెమెరాకు సాఫ్‌గ కనవడాలని రెండు కోటింగులు ఏసిన సార్.”

“రెండేనా? నాకు మూడనిపించిందే” అన్నారు నాన్న. నేను గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. బెజ్జం ఆయనే పొడిచారు.

ఈసారి బండి ఆగకుండా గేటు దాటింది. నాన్నా, మాధవయ్యగారూ గేటు దగ్గర నిలబడ్డారు. చప్పుడు ఏటవాలు దిగి, సన్నబడుతూ మలుపు తిరిగింది. చాలాసేపటికి నాన్న, “ఇంకా వినబడుతోందా మాధవయ్యా?” అన్నారు. ఆ సమయంలో ఎవరైనా అవుననే అంటారు.

“లేదండీ. మలుపు దాటగానే పోయింది.”

“నాకూ అక్కడే పోయింది. మీరేమంటారో చూద్దామని అడిగాను.”

ఆ రోజు ఎవరో ఒకరు టేపు పెట్టి ఉంటే నాన్న మెట్లు దిగేవారే కాదు. బాగుచెయ్యగలిగిన మనిషి వరండాలోనే కూర్చుండిపోయేవారు. ఈ సంగతి నాకు వెంటనే తట్టలేదు. నెమ్మదిగా, నా వయసు పెరిగేకొద్దీ బోధపడింది.

ఈ మధ్య బంజారాహిల్స్‌లో డాక్టరు నా రిపోర్టులు చూసి, నన్ను బయట కూర్చోమని, మా అమ్మాయిని మాత్రం లోపల ఉండమన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. “నేను టిక్కెట్టు కొనలేదు బాబూ, నాకే చెప్పు” అన్నాను. అతనికి ఆ మాట అర్థం కాలేదు. కాని చెప్పాడు.