వంతెన ఎత్తున ఆగిన బండి

నూకరత్నం బండి మూడోసారి కూడా వడ్డాది దగ్గర వంతెన ఎక్కే చోటే ఆగిపోయింది. వెనక బెల్లం దిమ్మల లోడు, దాని వెనక హారన్ల మోత. ఆమె దిగి, బానెట్ ఎత్తి, ట్యాంకులోంచి డీజిల్‌ని ఇంజనుకు తోడే ఫీడ్ పంపు పిడిని చేత్తో పదిసార్లు కొట్టింది. బండి మళ్ళీ స్టార్టయింది. కానీ అనకాపల్లి మార్కెట్టుకు చేరేసరికి వేలం సగం పైన అయిపోయింది.

ఆ సాయంత్రం గానుగ యజమాని బంగార్రాజు కబురు పెట్టలేదు, స్వయంగా వచ్చాడు. మర్నాడు పొద్దున్న లోడుతో వంతెన ఎక్కితే సరే, లేదంటే ఎల్లుండి నుంచి సీజనంతా బెల్లం వేరే బండి ఎక్కుతుందని చెప్పేశాడు. కోపంగా చెప్పినా బాగుండేది. జాలిగా చెప్పాడు. నూకరత్నానికి ఒళ్ళు మండింది అందుకే.

పదకొండేళ్ళుగా ఆ గానుగ బెల్లం మోస్తోంది ఆమె. అంతకుముందు ఆ బండి తోలింది భర్త పరదేశి. చూపు మందగించి అతను స్టీరింగ్ వదిలేసినప్పుడు, బండి అమ్మేయమని చోడవరంలో సలహా ఇవ్వనివాడు లేడు. ఆమె అమ్మలేదు. చెరకు నరికేసిన చేలో, మోళ్ళ మీద గుండ్రంగా తిప్పి తిప్పి తోలడం నేర్చుకుంది. లైసెన్సు పరీక్షలో రివర్సు గేరు దగ్గర రెండుసార్లు తప్పింది, మూడోసారి నెగ్గింది. అప్పటినుంచి ఆ బండిమీద ఎన్ని వేల దిమ్మలు మార్కెట్టుకు చేరాయో ఎవరికీ గుర్తు లేదు. మూడుసార్లు ఆగింది మాత్రం బుచ్చయ్యపేట దాకా తెలిసిపోయింది. మగాడి బండి ఆగితే బండి పాతదైందంటారు. ఆడమనిషి బండి ఆగితే తోలడం రాదంటారు. ఈ లెక్క ఎవరు రాశారో గానీ, ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

మర్నాడు తెల్లవారగానే మెకానిక్ శాంతిరాజు గానుగ దగ్గరికే వచ్చాడు. మంచివాడే, చెయ్యి తిరిగినవాడే. ఐదు నిమిషాలు ఇంజను శబ్దం విని, డీజిల్‌ని ఇంజనులోకి చిమ్మే పెద్ద పంపు పోయిందని తేల్చాడు. దాన్ని విప్పి విశాఖపట్నం పంపాలి, పది రోజులు పడుతుంది అన్నాడు. పది రోజులంటే ఆమెకు సీజను పోయినట్టే. చుట్టూ నిలబడ్డ కూలీలు అప్పుడే వేరే బండికి ఎవరికి ఫోను చేయాలో మాట్లాడుకుంటున్నారు.

"విప్పకు," అంది నూకరత్నం. "పెద్ద పంపు పోతే సదును మీదా లాగకూడదు. ఇది సదును మీద గుర్రంలా పోతంది. ఎత్తు ఎక్కితేనే సస్తంది. అంటే తాగడానికి సాలటం లేదు దీనికి."

శాంతిరాజు నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఫీడ్ పంపు పిడి పట్టుకుని పైకి లాగింది. తేలిగ్గా రావలసిన పిడి, లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు వెనక్కి గుంజుతోంది. పంపు తోడాలని చూస్తోంది, డీజిలే రావడం లేదు. అప్పుడు ట్యాంకునుంచి వచ్చే గొట్టం పంపు దగ్గర విప్పేసి, దాని బదులు ఒక కొత్త గొట్టం తగిలించి, రెండో కొస శుభ్రమైన డీజిల్ డబ్బాలో ముంచింది. పిడి కొట్టింది. ఈసారి వేలితో నొక్కినా దిగింది, వదిలితే లేచింది. స్టార్టు చేసి ఎంత రేజింగ్ ఇచ్చినా ఇంజను ఊపిరి తప్పలేదు.

శాంతిరాజు నవ్వు ఆపాడు. పెద్ద పంపూ బాగుంది, ఫీడ్ పంపూ బాగుంది. తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్యనే ఉంది.

ఆమె పాత గొట్టం వెంబడి వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. నడిమధ్యలో, నలుసుల్ని ఆపడానికి చిన్న జాలీ గిన్నె ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి అరచేతిలో బోర్లించింది. తెల్లగా, మెత్తగా, ముద్దలా పడింది. వాసన చూసింది. బట్టల సబ్బు.

ఆ సబ్బు అక్కడికెలా వచ్చిందో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

పక్క చేను నరసమ్మ ఆయిల్ ఇంజనులో డీజిల్ అయిపోయినప్పుడల్లా క్యాను పట్టుకుని ఈమె దగ్గరికే వస్తుంది. నీళ్ళు ఆగితే చెరకు ఎండిపోతుందని నూకరత్నం కాదనదు. ట్యాంకు దగ్గర గొట్టం వదులు చేసి క్యాను నింపి ఇస్తుంది. అలా విప్పి విప్పి ఆ జాయింటు వదులైంది, గాలి పట్టడం మొదలైంది. దానికి ఆమె చేసిన వైద్యం, ట్యాంకు కారితే డ్రైవర్లందరూ చేసేదే. సబ్బు మెత్తగా పిసికి జాయింటు చుట్టూ అద్దింది. కారే చోట సబ్బు నిలుస్తుంది, డీజిల్ దాన్ని కరిగించలేదు. కానీ ఇక్కడ డీజిల్ బయటికి కారదు, పంపు లోపలికి లాగుతుంది. డీజిల్‌తో పాటు సబ్బునీ కొంచెం కొంచెం లాక్కుంది. రెండు నెలలుగా తన బండి గొంతు తనే నొక్కుతోంది నూకరత్నం.

సబ్బు చూడగానే శాంతిరాజుకూ విషయం అర్థమైంది. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, బంకులో డీజిల్ బాగోలేదని చెప్పేద్దాం అన్నాడు. ఎవరు చూడొచ్చారు, లోడు నీకే ఉంటుంది అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఒక్క క్షణం ఆమెకూ ఆశ పుట్టింది. చేతిలో సబ్బుముద్ద నలిపి పారేస్తే సరిపోతుంది.

బంగార్రాజు అప్పుడే వచ్చి ఏమైందని అడిగాడు.

నూకరత్నం అరచెయ్యి చాపింది. "సబ్బు. జాయింటుకి నానే ఎట్టేను. పంపు లాగేసింది. తప్పు నాదే, బండిది కాదు."

కూలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బంగార్రాజు ఆమెనూ సబ్బునూ మార్చి మార్చి చూశాడు. ఇలా నీ చేత్తో నువ్వే పాడు చేసుకుంటే ఏం నమ్మి బెల్లం ఎక్కించాలి అన్నాడు.

"తప్పు సేసేను, పట్టుకున్నాను, సెప్తన్నాను," అంది ఆమె. కళ్ళు దించలేదు. "రేపు ఇంకోటి ఆగినా అలాగే పట్టుకుంటాను. నువ్వు పిలిసే బండి ఎత్తు మీద ఆగితే, ఎందుకాగిందో తోలేవోడికి తెలుస్తాదా? తెలిస్తే నీకు సెప్తాడా? ఆలోసించుకో బాబూ."

జవాబు కోసం ఆగలేదు. గొట్టం కొస అంగుళం కోసేసింది, కొత్త క్లిప్పు బిగించింది, జాలీ కడిగి తగిలించింది. గాలి బుడగలన్నీ పోయేదాకా పిడి కొట్టింది. వెనక్కి తిరిగేసరికి మొదటి దిమ్మ బండిలోకి ఎక్కుతోంది.

బంగార్రాజు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. వంతెన దగ్గర ఆమె రెండో గేరులోకి దించి తొక్కింది. ఇంజను అరిచింది, లోడు వెనక్కి లాగింది, బండి మాత్రం ఎక్కుతూనే పోయింది. మార్కెట్టు కనిపించగానే బంగార్రాజు, రేపు బండి ఎన్నింటికి వస్తుందని అడిగాడు.

"నువ్వు లేసే ముందే," అంది నూకరత్నం.