చేప కోసినామె వాటా

ఈ ముచ్చట జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. నిరుడు మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

నేను బోధన్ మార్కెట్‌లో చేపలు కోస్తాను. కొన్నవాళ్లు కూలి ఇస్తారు. చేప కడుపులో గుడ్లుంటే మాత్రం అవి కోసినామెవే. మా వరుసలో కూర్చునే ఆడవాళ్ల పద్ధతి అది. "పారేసేటివి ఏరుకుంటున్నది" అని కొందరు నవ్వేవాళ్లు. అందుకే గుడ్లు తీయగానే కొంగు చాటున డబ్బాలో వేసేదాన్ని.

పూణెలో చెల్లెలిని చూసి రైలులో తిరిగి వస్తుంటే, ఎదుటి సీటులో ఒక నిజామాబాద్ పిల్ల పుస్తకం చదువుతోంది. ఏం కథ అని అడిగాను.

"ఎక్కడా లేని రాజ్యం కథ అవ్వా. గా రాజ్యంల చేపగుడ్లు ఓడలెక్కి పోతయి. చెంచెడు గుడ్లకు ఒక గుర్రాన్ని ఇస్తరు. రాజులే తింటరు."

"మరి చేప కోసినామెకు ఏమిస్తరు బిడ్డా?"

ఆ పిల్ల పేజీలు వెనక్కి తిప్పి చూసింది. "గామె కథలనే లేదు అవ్వా."

"మా బోధన్‌ల గుడ్లు కోసినామెవే. నేను గవే తిని పెరిగిన."

"అయితే నువ్వు రోజూ రాజు తిండి తింటవన్నట్టు!"

"రాజుకు చెంచెడే కద. నాకు గిన్నెడు."

చుట్టూ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగనిపించింది.

మర్నాడు పొద్దున మార్కెట్‌లో మొదటి చేపలోనే గుడ్లు వచ్చాయి. వాటిని దాచలేదు. మోదుగాకు పరిచి, అందరికీ కనిపించేలా కత్తిపీట ముందు పెట్టాను. ఒకాయన ధర అడిగాడు.

"అమ్మేటివి కావన్నా, ఇవి నావి" అన్నాను.