నీళ్లు పోస్తూ విన్న మాట

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. నువ్వు నాకు ఏమీ కావు కాబట్టి నీకు చెబుతున్నాను. అయినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. ముందే ఒకటి చెప్పాలి, మంచిదాన్ననిపించుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ పని చేసిన రోజు నాకు సంతోషమైంది. చాలా సంతోషమైంది.

నిజాం కాలం. హనుమకొండలో ఒక దవాఖానలో నేను నర్సును. తొలివానలు పడగానే వరంగల్ చుట్టుపక్కల గత్తర, అదే కలరా, లేచేది. వాంతులు, విరేచనాలతో పొద్దున వచ్చిన మనిషి పొద్దుగూకేసరికి ఉండేవాడు కాదు. మా గత్తర వార్డులో ఒక ఆచారం ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. ఎవరి చేతుల్లో రోగి పోతే వాళ్లు వార్డు వెనక బండ మీద కూర్చోవాలి. ఇంకొకరు వచ్చి వాళ్ల చేతుల మీద నీళ్లు పోయాలి. కడుక్కునేవాళ్లు ఏడ్చినా, తిట్టినా, భయమేస్తోందని చెప్పినా పోసేవాళ్లు విని ఊరుకోవాలి. అక్కడి మాట బయటికి పోకూడదు. ఆ కాసిన్ని నీళ్లతోనే మళ్లీ లేచి లోపలికి పోగలిగేవాళ్లం. లేకపోతే పిచ్చెక్కేది.

మా పెద్ద నర్సు సుందరమ్మ. కొత్తవాడలో జంపఖానాలు నేసే నా తమ్ముడికి గత్తర తగిలిందని కబురొచ్చిన రోజు ఇంటికి పంపమని ఆమె కాళ్లు పట్టుకున్నాను. వార్డు నిండి ఉంది. పంపలేదు. పని ముగించుకుని ఇల్లు చేరేసరికి వాడిని తీసుకుపోయారు. కడసారి ముఖం కూడా చూడలేదు.

ఆ రోజు నుంచి ఆమె అన్నం తింటుంటే చూసి రగిలిపోయేదాన్ని. పైకి మాత్రం అక్కా, అక్కా అంటూ తిరిగాను. మరుసటి ఏడు మళ్లీ గత్తర వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె చేతుల్లో ఒక బాలింత పోయింది. నీళ్లు పోసే వంతు నాది.

“చెల్లె, సూది పట్టుకుంటె చేతులు వణుకుతానయ్. నరం దొరుకుతలేదు,” అన్నది. “జర ఎవలకు చెప్పకు.”

“ఫికర్ చెయ్యకు అక్కా. నేనెందుకు చెప్త?” అన్నాను.

ఆమె చేతుల తడి ఆరకముందే నేను డాక్టరు గది ముందు ఉన్నాను.

రోగుల ప్రాణాల కోసం చెప్పానా? చాలాకాలం నాకు నేను అలాగే నచ్చజెప్పుకున్నాను. వణికే చేతిలో సూది ప్రమాదమే కదా? కానీ సూది నేను పట్టుకుంటాను, ఆమెకు నాలుగు రోజులు సెలవివ్వండి అని అడిగి ఉండొచ్చు. అడగలేదు. బాలింత ఆమె చేతి వణుకు వల్లే పోయిందన్నాను. అది అబద్ధం. ఆ బాలింతను తెచ్చేసరికే కాళ్లూ చేతులూ చల్లబడి ఉన్నాయి.

సుందరమ్మను పనిలోంచి తీసేశారు. ట్రంకుపెట్టె పట్టుకుని ఆమె గేటు దాటుతుంటే వరండాలో నిలబడి చూశాను. తమ్ముడి పేరు పైకే అన్నాను. కసి తీరింది.

ఆ తర్వాత బండ మీద కూర్చున్నవాళ్లెవరూ నోరు విప్పలేదు. మాట ఎవరి వల్ల బయటపడిందో అందరికీ తెలుసు, ఒక్కరూ నన్ను అడగలేదు. ఎప్పుడూ నవ్వుతూ తిరిగే ఒక నర్సు రోగులను కసురుకోవడం మొదలుపెట్టింది. ఇంకొకామె ఊరికి పోయి తిరిగి రాలేదు. నా చేతుల్లో ఒక పసివాడు పోయిన రోజు నేనూ నోరు మూసుకునే చేతులు కడుక్కున్నాను. సుందరమ్మ మీద తీర్చుకున్న పగ ఏ పాపం ఎరగని వాళ్లందరికీ తగిలింది.

ఇంతవరకు రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ ఆ రోజు సుందరమ్మ అన్నది నీకు సగమే చెప్పాను. చేతులు ఎప్పటినుంచి వణుకుతున్నాయని నేను అడిగాను. పోసేవాళ్లు ఏమీ అడగకూడదు. అయినా అడిగాను.

“నిన్ను మీ తమ్ముని కాడికి పోనియ్యలే గద, అప్పటి సంది,” అన్నది. “తప్పయింది చెల్లె. నన్ను మాఫ్ చెయ్యి.”

విన్నాను. విని, చెంబు కింద పెట్టి, డాక్టరు గదికి నడిచాను. ఈ మాట ఆయనకు చెప్పలేదు. మా ఇంట్లోనూ చెప్పలేదు. ఆమెను క్షమించానా అంటే, ఇప్పటికీ లేదు. నన్ను క్షమించమని నిన్నూ అడగను. ఆమె నన్ను క్షమాపణ అడిగింది. ఇన్నేళ్లకు ఆ సంగతి నాతో పాటు ఇంకొకరికి తెలిసింది.